తెరబొమ్మయా, తెరలోని యక్షరమా?

మొన్నటి పరీక్షల దినములలో మా యెఱుకలోని యొక తల్లికి జరిగిన సంగతితో నీ వ్యాసమును మొదలుపెట్టుచున్నాము. ఆమెకు చూపు మిక్కిలి తక్కువ. చేతిలోని ఫోను అక్షరములను బిగ్గరగా చదివి వినిపింపగా నామె విని తెలిసికొనును. కుమారుని పాఠశాలవారు పరీక్షవేళ మాఱినదని తల్లిదండ్రుల వాట్సాప్ బృందమునకు ప్రకటన పంపిరి. వారు పంపినది వ్రాత కాదు; తమ కంప్యూటరు తెరమీది ప్రకటనకు తీసిన స్క్రీన్‌షాట్. ఫోను దానిని చూచి 'ఫోటో' అని యొక్క మాట పలికి యూరకుండెను. ఏదో పండుగ శుభాకాంక్ష కాబోలునని యామె విడిచిపెట్టినది. బాలుడు మధ్యాహ్నము పోవుసరికి పరీక్ష ఉదయమే ముగిసియుండెను. మరల పెట్టించుకొనుటకు ఆ తల్లి నాలుగు దినములు తిరుగవలసి వచ్చినది. ఆ పాఠశాల యేదియో చెప్పుట మా యుద్దేశము కాదు. ఈ పని నేడందఱును చేయుచున్నారు, మేమును చేసితిమి.

తెరమీది యక్షరమును పట్టుట వేఱు, ఆ యక్షరముయొక్క బొమ్మను పట్టుట వేఱు. ముప్పది నలువది యేండ్ల క్రిందట మన బెజవాడలో కంప్యూటరు నేర్చినవారికి ఈ భేదము ఒకరు చెప్పకయే తెలిసియుండెను. వారి తెలివి మన తెలివికంటె మిన్న యని కాదు. అప్పటి యంత్రములు పేదవి. ప్రతి పనికిని ఇంత చోటని వెల చెల్లింపవలసియుండుటచే, ఏది పట్టుచున్నామో చూచుకొనియే పట్టుచుండిరి. ఆ దినముల పనిముట్టును గూర్చి మన విద్యార్థులకు కొంత చెప్పి, పిమ్మట మా యభిప్రాయమును తెలుపుదుము.

1981వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీని ఐ.బి.ఎం. కంపెనీవారు తమ పర్సనల్ కంప్యూటరును ప్రకటించిరి. దానిని నడిపించు డాస్ అను వ్యవస్థ ఒక వేళ నొక ప్రోగ్రామునే నడుపును. లెక్కల ప్రోగ్రాము తెఱచితిమా, ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము మూతపడవలసినదే. తెరమీద వచ్చినదానిని ఉంచుకొనవలెనన్న యంత్రముతోపాటు వచ్చిన సాధన మొక్కటియే: షిఫ్టు మీటతో కూడ ప్రింట్ స్క్రీన్ మీటను నొక్కినచో తెరమీది వ్రాత నేరుగా ప్రింటరుమీద కాగితమునకు దిగును. బొమ్మలు దిగవు. 1983లో వచ్చిన డాస్ రెండవ కూర్పునందు గ్రాఫిక్స్ అను నాజ్ఞ చేరిన పిమ్మట అవియు దిగెను. అయినను కాగితముపై బడినది మరల కంప్యూటరులోనికి రాదు గదా! పాఠ్యపుస్తకములో చేర్చుటకుగాని, ఫ్లాపీమీద స్నేహితునకిచ్చుటకుగాని పనికిరాదు.

1990 ప్రాంతమున గవర్నరుపేటలో మేడమెట్లెక్కి శిక్షణకేంద్రములకు పోయినవారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. వాకిట వరుసగా విడిచిన చెప్పులు, లోపల చల్లని గది, మూల స్టెబిలైజరు చేయు గుయ్యిమను రొద, ఒక్కొక్క యంత్రముచుట్టును ముగ్గురు విద్యార్థులు. తెర యెట్లుండునో పాఠములో చూపవలసి వచ్చిన మాస్టరుగారు నల్లబల్లపై చాక్‌పీసుతో గళ్లు గీసి, అందులో మాటలు నింపుచుండిరి. కరెంటు పోయినచో తెర పోవును, బల్లమీది గళ్లు నిలుచును.

తెరను ఫైలుగా దాచుట కంత కష్టమేమని మీరడుగవచ్చును. కష్ట మెక్కడనో పాఠశాలల కంప్యూటరునుబట్టి చెప్పెదము. 1984-85లో కేంద్ర ప్రభుత్వమువారు క్లాస్ అను పథకము క్రింద దేశములోని 250 పాఠశాలలయందు బి.బి.సి. మైక్రో అను నింగ్లండు దేశపు యంత్రములను ప్రవేశపెట్టిరి. ఆ యంత్రముయొక్క మెమరీ 32 కిలోబైట్లు. మిక్కిలి నిండైన బొమ్మతెరను పెట్టినచో ఆ తెరకే 20 కిలోబైట్లు పోవును. ఆ 20 కిలోబైట్లను ఒక్క యాజ్ఞతో ఫైలుగా దింపవచ్చును. అయితే ఆ యాజ్ఞను టైపుచేసినచో అదియు తెరమీదనే పడి బొమ్మను చెఱుపును! డాస్‌లోను ఇదియే చిక్కు. తెరను దాచుమని చెప్పుటకు నడుచుచున్న ప్రోగ్రామునుండి బయటికి రావలెను. బయటికి వచ్చిన ఆ తెర యుండదు. పిట్టను పట్టబోయిన పిట్ట యెగిరిపోవుట యనగా నిదియే.

ఈ చిక్కునకు విఱుగుడుగా పుట్టినవే మెమరీలో కాపురముండు ప్రోగ్రాములు. టి.ఎస్.ఆర్. అని వానిని పిలుచుచుండిరి. పని ముగించియు వెడలిపోక నిలిచియుండునవి యని యా మూడక్షరముల భావము. మన కాలువలమీది లస్కరును మీరెఱుగుదురు. పూర్వము బందరు కాలువలోను ఏలూరు కాలువలోను పడవలు తిరుగు కాలమున, లాకు కడ కావలివాడు గట్టుమీది తన పాకలో పండుకొనియుండును. నీరు పాఱుటకు అతని యవసరము లేదు. పడవవాని కేక వినబడినపుడు మాత్రము లేచి, తలుపులు తీసి, పడవను దాటించి, మరల మూసి తన చోటికి పోవును. ఈ ప్రోగ్రాములును అట్టివే.

అది మేలుకొను తీరు మిక్కిలి చక్కనిది. యంత్రపు మెమరీ మొదటి 1024 బైట్లలో 256 చిరునామాల పట్టిక యొకటి గలదు. ఏ సంగతి జరిగిన నెవ్వరిని పిలువవలెనో అందులో వ్రాసియుండును. మీట నొక్కినపుడు పిలువవలసినవాని చిరునామా తొమ్మిదవ సంఖ్య క్రింద నుండును. కాపురమునకు వచ్చిన ప్రోగ్రాము ఆ చిరునామాను తనయొద్ద వ్రాసికొని, ఆ చోట తన చిరునామా నుంచును. పిమ్మట 'నా పని యైనది. నా చోటు మాత్ర మెవ్వరికిని ఈయకుము' అని డాస్‌కు చెప్పి నిద్రించును. అది మొదలు మీరేమీట నొక్కినను ముందు దానికే తెలియును. తనకు గుఱుతైన మీటల జంట కాకున్న, పాత చిరునామావానికి అప్పగించి మరల కన్నుమూయును. గుఱుతైన జంటయే యైనచో లేచి, తెర మెమరీకి నకలు తీసి, డిస్కుపై వ్రాసి, ఎప్పటియట్ల తొలగిపోవును. అంతవఱకు తెరమీద నున్న ప్రోగ్రామునకు తాను క్షణకాల మాగితినని కూడ తెలియదు.

ఇందులో నొక మర్యాదయు గలదు. డాస్ ఒక పనిలో మునిగియుండగా రెండవ పని చెప్పినచో తడబడి, యంత్రమే కదలక నిలిచిపోవును. డిస్కుపై వ్రాయుటకు డాస్ సాయమే కావలెను. కావున తెలివిగల ప్రోగ్రాము మీట నొక్కగనే డాస్ మీద బడదు. సెకనుకు పదునెనిమిది మాఱులు తట్టు లోపలి గడియారముతోపాటు తొంగిచూచుచు, డాస్ తీరిక చిక్కినపుడే పని చేసికొనును. 'డాస్ పనిలో నున్నది' అని తెలుపు గుఱుతును మైక్రోసాఫ్టువారు చాలకాలము తమ పుస్తకములలో వ్రాయనే లేదు. ప్రోగ్రాములు వ్రాయువారే దానిని కనిపెట్టి ఒకరికొకరు చెప్పుకొనిరి.

ఇక అసలు సంగతి. ఈ ప్రోగ్రాములు పట్టునది రెండు విధములు. వ్రాతతెరయందు 80 నిలువు వరుసలు, 25 అడ్డపంక్తులు, మొత్తము 2,000 గళ్లు. ప్రతి గడికి రెండు బైట్లు: ఒకటి యక్షరముయొక్క సంఖ్య, రెండవది దాని రంగు. అనగా తెర యంతయు 4,000 బైట్లు. దీనిని పట్టినచో మనకు దొరకునవి యక్షరములు. వెదకవచ్చును, దిద్దవచ్చును, వేఱొకచోట అతికింపవచ్చును. 1984లో బోర్లాండు కంపెనీవారు తెచ్చిన సైడ్‌కిక్ అను ప్రోగ్రాము ఈ జాతిలో పేరుపొందినది. అది మేలుకొని, క్రింది తెరమీది వ్రాతలో మనము చూపిన భాగమును తన నోటుపుస్తకములోనికి అక్షరములుగానే తెచ్చుకొనును. రెండవది బొమ్మతెర. 1987లో వచ్చిన వి.జి.ఎ. తెరమీద అడ్డముగా 640, నిలువుగా 480 చుక్కలు. 16 రంగులలో నొక తెరకు 1,53,600 బైట్లు కావలెను. పి.సి. పెయింట్‌బ్రష్‌తో వచ్చిన ఫ్రీజ్, వర్డ్‌పర్ఫెక్టుతో వచ్చిన గ్రాబ్ మొదలగునవి ఇట్టి తెరలను పట్టుచుండెను. వీనిలో మనకు దొరకునవి చుక్కలు. కన్నునకు అక్షరమువలె తోచినను యంత్రమునకు అది యక్షరము కాదు.

360 కిలోబైట్ల ఫ్లాపీని చేత బట్టుకొని లెక్కవేయుడు. వ్రాతతెరలు దానిలో ఎనుబదికి పైగా పట్టును. వి.జి.ఎ. బొమ్మతెరలు ఉన్నవున్నట్లు పెట్టిన రెండే పట్టును. ఒకే రంగు చుక్కల వరుసను కుదించి వ్రాయు పద్ధతులు ఉన్నమాట నిజమే. అయినను ఫ్లాపీని కొనువాడు విద్యార్థి, కొనిపెట్టువాడు వాని తండ్రి. వ్రాతకు వ్రాతపట్టును, బొమ్మకు బొమ్మపట్టును వాడవలెనని వారికెవ్వరును ఉపన్యసింపవలసిన పని లేకపోయెను.

మెమరీకూడ నట్లే. డాస్‌క్రింద మామూలు ప్రోగ్రాములు నడచుటకు 640 కిలోబైట్లే హద్దు. కాపురమునకు వచ్చిన ప్రతి చిన్న ప్రోగ్రామును ఇంతింత కొఱుకుకొని పోగా, చివరను వచ్చు పెద్ద ప్రోగ్రామునకు చోటు చాలదు. ఎగువవారు తూములు తెఱచుకొనగా శివారు భూములకు నీరందని దివిసీమ రైతు గోడు నెఱిగినవారికి దీనిని వివరింపనక్కఱలేదు. ఏది ముందు వచ్చినదో, ఏది పిమ్మట వచ్చినదో జ్ఞాపకముంచుకొని, వెనుక వచ్చినదానిని ముందుగా పంపవలెను. తలక్రిందులుగా పంపినచో చిరునామాల గొలుసు తెగి, యంత్రము ఆగిపోవును. ఇదే కాపురపు విద్యను చెడ్డవారును నేర్చిరి. 1986లో లాహోరునుండి బయలుదేఱిన బ్రెయిన్ అను వైరసు ఇట్లే మెమరీలో దాగి, పెట్టిన ప్రతి ఫ్లాపీకిని అంటుకొనుచుండెను. కాబట్టి తన యంత్రములో నెవ్వరెవ్వరు కాపురమున్నారో చూచుకొనుట ఆనాటి విద్యార్థికి పుస్తకము తెఱచునంతటి సామాన్యమైన యలవాటు.

తెలుగు మాట వచ్చినపుడు ఈ కథ మఱికొంత చిక్కుపడును. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, 1988లో ఏర్పడిన పూనా సి-డాక్ సంస్థలో పెంపొందిన జిస్ట్ అను కార్డును యంత్రములో నమర్చినచో డాస్ తెరమీద తెలుగు కనబడుచుండెను. భారతీయ లిపులన్నిటికిని అక్షరమున కొక సంఖ్య చొప్పున ఇస్కీ అను ప్రమాణము 1991లో స్థిరపడెను. అందులో 'క' సంఖ్య 179. అదే సంఖ్య కార్డు లేని ఐ.బి.ఎం. యంత్రములో ఒక నిలువుగీత! 'క' మొదలు 'హ' వఱకు గల హల్లుల సంఖ్యలన్నియు ఆ యంత్రమున గళ్ల పట్టికలు గీయుటకు వాడు గీతలు, మూలలు, కూడళ్లు. ఒకచోట చక్కగా వ్రాసిన తెలుగు ఫైలును కార్డులేని చోట తెఱచిన, తెరనిండ విఱిగిపోయిన కిటికీచట్రములు పేర్చినట్లుండును. అపుడు బొమ్మగా పట్టినదే మేలనిపించును. బొమ్మలో 'క' ఎక్కడికిపోయినను 'క'యే.

మా వాదమునకు ఎదురుగా నిలుచు బలమైన సాక్ష్య మిదియేనని మేమొప్పుకొందుము. ఎదుటివాని యంత్రములో తెలుగు కనబడునో లేదో యను భయముచేతనే మనవారు తెలుగును బొమ్మగా పంపుట కలవాటుపడిరి. ఆనాడా భయము నిజమే. అయితే ఆ భయమునకు మందు ఎన్నడో వచ్చినది. 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పునందు తెలుగునకు 128 గదుల వరుస నిచ్చిరి. అక్కడ 'క' సంఖ్య 3093. ఆ సంఖ్య ప్రపంచములో మఱి యే గీతకును చెందదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికి ఇంటి కంప్యూటరులలో తెలుగు వ్రాత దిగినది. నేడు ప్రతివాని ఫోనులోను ఉన్నది. వ్యాధి పోయినను మందు మానలేకపోవుట మన వింత.

బొమ్మ పనికిరాదని మేమనలేదు. 1998లో రాష్ట్ర ప్రభుత్వము రిజిస్ట్రేషను కచేరీలలో కార్డ్ అను కంప్యూటరు పద్ధతిని ప్రారంభించిన సంగతి భూములు గల తల్లిదండ్రు లెఱుగుదురు. అందులో దస్తావేజును బొమ్మగా దాచిరి. సంతకములు, ముద్రలు ఉన్నవున్నట్లుండవలెను గనుక. కాని ఎవరి భూమి, ఏ సర్వే నెంబరు, ఎవరికి అమ్మిరి అను వివరములను అక్షరములుగా నెక్కించిరి. ఇ.సి. కావలెనన్న పూర్వము గుమాస్తా పాత రిజిస్టర్లు తిరగవేయుటకు దినములు పట్టుచుండగా, నాటినుండి నిమిషములలో దొరకుటకు కారణము ఆ యక్షరములే. బొమ్మలనే దాచియున్నచో రిజిస్టర్లకు మాఱుగా తెరలను తిరగవేయుచుండెడివారు. జ్యామితి పటమును, భూగోళ పటమును, యంత్రము చూపిన వింత తప్పును గురువునకు చూపవలసినపుడు స్క్రీన్‌షాట్ తీయుడు, తప్పు లేదు. కాగితముమీది వ్రాతనే బొమ్మచేసి పంపి, చదువుకొనుమనుట మాత్రము చదువరిమీద బరువు వేయుట.

బొమ్మయైన నెవ్వరును మార్చలేరు గనుక ప్రకటనకు భద్రమని కొందఱందురు. ఈ మాట మా యుపాధ్యాయుల గదిలోను వింటిమి. పదవ తరగతి బాలుడు స్క్రీన్‌షాట్‌లోని మార్కులను ఎంత సులభముగా మార్చునో ఆ గదిలో నున్నవారే యెఱుగుదురు! మఱికొందఱు, బొమ్మలోని యక్షరములను చదువు సాధనములు నేడు ఫోనులలో వచ్చినవి గదా యందురు. వచ్చినవి; మెఱుగుపడుచున్నవి. అయినను గుడ్డిదీపమువంటి వెలుతురులో తీసిన బొమ్మయందు తెలుగు వత్తులను, గుణింతములను అవి తడబడుట మేము చూచుచున్నాము. కథలో నొక వత్తు పోయిన నష్టము లేదు. పరీక్షవేళలో '9' బదులు '4' వినబడినచో ఆ తల్లి మరల నాలుగు దినములు తిరుగవలసినదే. పంపువారు ఒక్క నిమిషము శ్రమపడి వ్రాతను వ్రాతగా పంపగలిగియుండగా, అందుకొను వందమంది సాధనములు వెదకికొనవలెననుట న్యాయముగా లేదు.

విద్యార్థులకు వేఱొక మాట. ఆనాడు తెరను పట్టుట కింత మెమరీ, ఇంత ఫ్లాపీ అని ఖర్చుండుటచే పట్టినదానిని చదువుచుండిరి. నేడు ఖర్చు లేదు. పాఠము సాగుచుండగా నలువది తెరలు పట్టి, పరీక్ష ముందు రాత్రి వానిలో వెదకుచున్న బాలురను మేమెఱుగుదుము. 'ఆనకట్ట' అను మాట ఏ బొమ్మలో నున్నదో ఫోనును అడిగిన చెప్పలేక తడుముకొనును. అదే మాటను నోటుపుస్తకములో టైపుచేసియున్న నొక్క తట్టులో దొరకును. అంతకు ముందే, టైపుచేయునపుడే, 1855లో పూర్తియైన పాత ఆనకట్టకును 1957లో వాడుకకు వచ్చిన ప్రకాశం బ్యారేజికిని గల భేదము మనసున బడియుండును.

మా కోరిక స్వల్పము. సెలవు, రుసుము, పరీక్షవేళ, బస్సు మార్పు: ఇట్టి ప్రకటనలను పాఠశాలవారు అక్షరములుగా పంపవలెను. ముద్రయు సంతకమును గల ప్రతి కావలసినచో దాని బొమ్మను వెంట జతపఱుపవచ్చును. కంప్యూటరు గదిలో డాస్‌బాక్స్ అను నుచితమైన ప్రోగ్రాము నుంచినచో నేటి యంత్రములోనే పాత డాస్ తెర తెఱచుకొనును. ఎనిమిదవ తరగతివారిచేత ఒక మధ్యాహ్నము వ్రాతతెరను, బొమ్మతెరను రెండింటిని పట్టించి, ఫైళ్ల కొలతలను నల్లబల్లపై వ్రాయించుటకు కంప్యూటరు మాస్టరుగా రంగీకరించియున్నారు.

ఇక మా యింటి సంగతి. ఈ సంచికకు వచ్చిన వ్యాసములలో కొన్ని స్క్రీన్‌షాట్లుగా వచ్చుటచే, వానిని అక్షరమక్షరముగా మరల కూర్చవలసి వచ్చినది. ఒక చక్కని పద్యములో రెండు పాదములు బొమ్మ అంచున తెగిపోయియుండగా, వ్రాసిన బాలికను పిలిపించి పూర్తిచేయించితిమి. ఆమె కవి కంఠస్థముగా నుండుట మా యదృష్టము. రాబోవు సంవత్సరపు సంచికకు కథలు, వ్యాసములు, పద్యములు అక్షరములుగానే పంపవలెను. చేతివ్రాతతో కాగితముమీద నిచ్చినను సంతోషముతో పుచ్చుకొందుము. పటములను, చిత్రములను వేఱుగా పంపి, ఏది యెక్కడ చేరవలెనో వ్రాతలో తెలుపవలెను.